ఇంజన్ మోత

మూత పడింది, పచ్చదీపం వెలిగింది, మెషీన్ లోపల ఏదో సన్నగా తిరగడం మొదలైంది. ఇక గంటసేపు జెనీ చెయ్యగలిగిందేమీ లేదు. త్యాగరాజు డాక్టరు ముక్కులోంచి తీసిన స్వాబ్ అందులో ఉంది, పై అంతస్తులో ఆయన ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని పడుకుని ఉన్నాడు, ఆయన ఛాతీలో చేరింది వైరసో బ్యాక్టీరియానో ఈ డబ్బా తేలుస్తుంది. వైరస్ అయితే యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఆపెయ్యవచ్చు. ఆపడమే ఈ ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం. తలుపు మీద ఇన్ఫెక్షన్ల డాక్టరు అని బోర్డు ఉంది గానీ వార్డుల్లో వెనకాల అనుకునేది సూదులు మానిపించే మేడమ్ అని. అది ఆమెకు తెలుసు, తెలిసీ ఊరుకుంటుంది, నిజం చెప్పాలంటే ఆ పేరంటే లోలోపల ముచ్చట కూడా. ఇవాళ మాత్రం అదే పేరు ఆమెకు అడ్డం పడుతోంది. ఎందుకంటే ఆ ముసలాయన పొద్దున తన నోటితో తనే అడిగాడు, అమికాసిన్ ఎక్కించండి, రెండు పూటలా ఎక్కించండి, నా చేతి మీద ఎంతమంది లేచి కూర్చున్నారో ఆ మందుతో, అని. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు జడిసి ఆమెకు ఫోన్ చేశాడు. అలాంటి ఘాటైన యాంటీబయాటిక్ మందులు ఆమె సరే అననిదే ఫార్మసీ గడప దాటవు, ఆమె పెట్టించిన రూలే అది. ఇప్పుడు సరే అంటే చాలు. అడిగింది ఆయన, పేరున్న డాక్టరు, ఈ పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళకి దేవుడి తర్వాతి మనిషి. రేపు ఎవరు వేలెత్తి చూపిస్తారు జెనీని? డెబ్భై దాటిన కిడ్నీలు, అసలే నీరసపడ్డాయని రక్తపరీక్ష చెబుతోంది, మందు ఒంట్లోంచి బయటికి పోదు, వెళ్ళి చెవుల్లో కూర్చుంటుంది, ముందు కీచుమంటుంది, తర్వాత ఒక్కో శబ్దాన్నే ఆర్పుకుంటూ పోతుంది. పోయిన చెవి మళ్ళీ రాదు. ఆ సంగతి పుస్తకం చెప్పకముందే ఆమెకు ఇంట్లోనే తెలిసింది.

"టీ తెప్పించమంటారేటి మేడమ్?" అంది ప్రశాంతి, ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి, చేతి తొడుగులు బుట్టలో పడేస్తూ. వద్దులే అంది జెనీ. కిటికీ అవతల వాన. రేకుల షెడ్డు మీద ఎడతెరిపి లేకుండా పడుతోంది, ఆ మోతలోంచి కూడా నిమ్‌పురా యార్డు వైపు వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు ఆమెకు తెలుస్తోంది. ఆమెకు అన్నీ వినబడతాయి. బడికి వెళ్ళే రోజులనుంచీ ఇంట్లో ఇద్దరికి సరిపడా ఆమె ఒక్కతే విన్నది. నాన్నా ఎవరో తలుపు కొడుతున్నారు, నాన్నా పాలు పొంగుతున్నాయి, నాన్నా అమ్మ పిలుస్తోంది. పొద్దున రౌండ్లకు వెళితే ఆ ముసలాయన కళ్ళు చికిలించి చూసి, మాస్కు పైకెత్తి, "విల్‌ఫ్రెడ్ కూతురివి కదూ నువ్వు? జెనీవి! మీ నాన్నని బతికించినోణ్ణి నేనే, తెలుసునా నీకు? మనిషి దక్కడనుకున్నారు అందరూ. సూదుల మీద సూదులు పొడిచి లేపీసినాను," అన్నాడు, చుట్టూ నిలబడ్డ నర్సులు వినాలని. తెలుసండి, అంది జెనీ. చార్టు మీద ఏదో రాసింది. బతికించాడట! ఎన్నేళ్ళయినా ఆ ఒక్క మాట మీద మేడ కట్టుకుని కూర్చున్నాడు మనిషి.

అప్పుడూ ఇలాగే వాన. నిమ్‌పురా క్వార్టర్లో గోడలు చెమ్మగిల్లి, బట్టలు ఆరక, ఇల్లంతా ముక్కవాసన. జెనీ తొమ్మిదో తరగతి. నాన్న గూడ్సు బండి డ్రైవరు. ఒళ్ళు కాలిపోతోంది, ముక్కు కారుతోంది, దగ్గు, కీళ్ళ నొప్పులు. ఆ వీధిలో ప్రతి ఇంటా అదే జ్వరం, పిల్లలకీ అదే, పక్కింటి రత్నం అత్తకీ అదే, వాళ్ళందరికీ మిరియాల చారుతో, జ్వరం మాత్రతో పోయింది. ఎందుకు పోదు, దాని టైము అయ్యాక అదే పోతుంది. కానీ బండి నడిపేవాళ్ళ సంగతి వేరు. రైల్వే ఆసుపత్రికి వెళితే సిక్‌లో పెడతారు, సిక్‌లో పడ్డవాణ్ణి ఇంజనెక్కనివ్వరు, మళ్ళీ ఫిట్ అనిపించుకునేదాకా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి, నడిపిన దూరానికి వచ్చే భత్యం పోతుంది. అందుకని నిమ్‌పురాలో తెలుగు డ్రైవర్లంతా జ్వరమొస్తే గుట్టుచప్పుడు కాకుండా పూరీ గేట్‌లో త్యాగరాజు డాక్టరు క్లినిక్‌కి పోయేవారు. ఆయన సూది పడితే రెండు రోజుల్లో బండెక్కొచ్చని పేరు. జ్వరం ఆయన సూదికి తగ్గిందో, దాని పాటికి అది తగ్గిందో ఎవడు చూశాడు? పేరు మాత్రం ఆయనకి పోయింది. "డాక్టరుగోరు, పెద్ద సూదే ఎయ్యండి, ఎల్లుండికి డూటీ పిలుపొస్తాది," అని నాన్నే అడిగాడు. ఔను, అడిగాడు, ఆ మాట జెనీ దాచుకోదు. జబ్బుపడ్డవాడు ఏదైనా అడుగుతాడు. అక్కర్లేనిది ఇవ్వకుండా ఉండడానికే కదా అవతలి కుర్చీలో చదువుకున్నవాడు కూర్చున్నది?

ఆ చివరి మాట దగ్గర ఏదో ముల్లులా గుచ్చుకుంది. పైన ఉన్న ముసలాయన కూడా అడుగుతూనే ఉన్నాడు, అవతలి కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది తను. ఛీ, అదెక్కడ, ఇదెక్కడ అని విదిలించేసింది జెనీ. ఆయనకి తెలిసి అడుగుతున్నాడు, నాన్నకి తెలియక అడిగాడు. తెలిసినవాడు తెలిసి అడిగితే ఇవ్వడంలో పాపమేముంది? మెషీన్ తెర మీద గీత కొంచెం కొంచెంగా నిండుతోంది, ఇంకా చాలా ఖాళీ ఉంది.

రెండు పూటలా సూది. పొడిచిన చోటల్లా గడ్డకట్టి, అమ్మ, ఎలీసమ్మ, వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టేది. జ్వరం తొందరగానే దిగిపోయింది, అయినా కోర్సు అన్నాడు డాక్టరు, మధ్యలో ఆపితే ముదురుతుందన్నాడు. ఒక సాయంత్రం నాన్న మంచం మీంచి లేచి ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాడు, ఎక్కడో కీచురాయి దూరింది, అరుస్తోంది, చంపండి దాన్ని, అని. అమ్మా తనూ చీపుళ్ళు పట్టుకుని బీరువా వెనకా మంచం కిందా వెతికారు, నవ్వుకుంటూ వెతికారు. అక్కడేమీ లేదు. వాళ్ళిద్దరికీ ఏ చప్పుడూ వినబడలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ జెనీకి ఒళ్ళు జలదరిస్తుంది. మర్నాడు నాన్నకి గొడుగు పట్టుకుని ఆమే వెళ్ళింది పూరీ గేట్‌కి. "బాబూ, సెవిలో ఏదో కీచుమంటాంది, రాత్రల్లా నిద్దర్లేదు," అన్నాడు నాన్న. మందులు రాస్తున్న డాక్టరు కలం ఆగింది. జెనీ బల్ల పక్కనే నిలబడి ఉంది, ఆ కలాన్నే చూస్తోంది. ఆయన తలెత్తి నాన్న మొహం చూశాడు. తర్వాత గుమ్మం అవతల బల్లల మీద కిక్కిరిసి కూర్చున్న జనాన్ని చూశాడు. మళ్ళీ కలం కదిలింది. "ఇంజన్ మోత, విల్‌ఫ్రెడూ. అన్నేళ్ళు ఇంజన్లో కూకుంటే చెవులు గియ్యిమనవేటి? బలానికి టానిక్ రాస్తన్నాను. సూదులు మాత్రం ఆపీకు, కోర్సు పూర్తవ్వాల." నాన్న అమ్మయ్య అనుకున్నాడు. బండి నడిపేవాళ్ళకి ఇంజన్ మోత అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. పెదనాన్నకీ పోయాయి చెవులు, తోటి డ్రైవర్లకీ పోయాయి, ఆ కుర్చీలో కూర్చున్నందుకు అది మామూలే అనుకుంటారు. అంత చక్కగా అతికే అబద్ధం ఇంకే ఊళ్ళో దొరుకుతుంది ఒక డాక్టరుకి? ఆ పూట సూది కూడా వేయించుకుని, టానిక్ సీసా చంకలో పెట్టుకుని, నాన్న కూతురి వెంట వానలో ఇంటికి వచ్చాడు.

తర్వాత మెడికల్ వచ్చింది, డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి జరిగే పరీక్ష. నాన్నని గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనకనుంచి గుసగుసగా మాటలు చెబుతారు, ఆ మాటలు తిరిగి చెప్పాలి. ఇంటికొచ్చి తనే నవ్వుతూ చెప్పాడు అమ్మకి, వాళ్ళెప్పుడు మొదలెడతారా అని గోడకేసి చూస్తూ నిలబడ్డానే, ఎవరో వచ్చి భుజం తట్టి అయిపోయింది పదమన్నారు, అని. అమ్మ నవ్వలేదు. బండి మీంచి దింపేశారు. ఇంజన్ల షెడ్డు స్టోరులో నూనె గుడ్డలూ బోల్టులూ ఇచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నిన్నటిదాకా కింద పనిచేసిన కుర్రాళ్ళు వచ్చి, ఆయనకి వినబడాలని అరిచి, వినబడకపోతే వాళ్ళలో వాళ్ళు నవ్వుకుని పోయేవారు. నాన్నకి ఆ నవ్వు కనబడేది. చర్చిలో అందరూ ఒక చరణంలో ఉంటే ఆయన ఇంకో చరణంలో ఉండేవాడు, పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవారు, కొన్నాళ్ళకి పాడడం మానేశాడు, పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఊరికే నిలబడేవాడు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంట్లో జరిగింది. ఏ మాటైనా అరిచి చెప్పాల్సిన ఇంట్లో కొన్ని మాటలు అసలు పుట్టవు. బెంగగా ఉందని ఎవరూ అరవరు. నువ్వంటే ఇష్టమని గోడలు అదిరేలా ఎవరూ చెప్పుకోరు. అమ్మ గొంతు అసలే సన్నం, రాను రాను ఆమె బియ్యం అయిపోయాయి, నీళ్ళు రాలేదు, బిల్లు కట్టాలి, అంతవరకే నాన్నతో మాట్లాడేది. ఆ ఇద్దరూ గుమ్మంలో పక్కపక్కన కూర్చుని ఏదో చెప్పుకుని కిసుక్కున నవ్వుకోవడం జెనీకి చిన్నప్పుడు చూసిన గుర్తుంది, ఆ జ్వరానికి ముందు.

పోయినేడాది ముందటేడు అమ్మ పోయింది. గుండె నీరసం, మంచం మీద వారాల తరబడి, చివరి పూట మధ్యాహ్నం. జెనీ నర్సుతో మాట్లాడడానికి గుమ్మం దాకా వెళ్ళింది, అంతే, అంత దూరమే. వెనక్కి తిరిగేసరికి అమ్మ పెదాలు కదులుతున్నాయి, నాన్న ఆమె మీదికి వంగి, చెవి ఆమె నోటికి ఆనించి, "ఏటే? ఏటంటన్నావు ఎలీసమ్మా? గట్టిగా సెప్పు," అంటున్నాడు. అమ్మ ఇంకోసారి పెదాలు కదిపింది. అంతకన్నా ఊపిరి ఆమె దగ్గర లేదు. నాన్న జెనీ వైపు తిరిగి, "నీకు వినబడిందా అమ్మా, ఏటన్నాది?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా, ఎప్పటిలాగే కూతురు విని చెబుతుందని. జెనీకి వినబడలేదు. ఊళ్ళో శబ్దాలన్నీ పట్టే ఆ చెవులకి ఆ ఒక్క మాటా అందలేదు. ఆ మాటని తినేసినవాడు పైన మెత్తటి దిండు మీద తల పెట్టుకుని, తను బతికించినవాళ్ళ కథలు నర్సులకి చెబుతున్నాడు. వాడి చెవులు పుట్టినప్పటిలా ఉన్నాయి. వాడు అనడం మనసులోనే, పైకి ఎప్పుడూ అనలేదు, మనసులోకి మర్యాదలు రావు.

మెడికల్ కాలేజీ రెండో ఏడు తెలిసింది నిజం. మందుల పాఠం, మధ్యాహ్నం క్లాసు, సగంమంది కునుకుతున్నారు, బోర్డు మీద నాన్నకి పొడిచిన ఆ మందు పేరు, అమికాసిన్, దాని కింద చెవికి విషం అని రాసి, తొలి గుర్తు చెవిలో మోత, మోత రాగానే ఆపెయ్యాలి, అని పాఠం చెప్పే మేడమ్ చదువుకుంటూ పోయింది. రాగానే ఆపెయ్యాలి. ఆగిన కలం గుర్తొచ్చింది జెనీకి, గుమ్మం అవతలి జనం కేసి చూసిన ఆ చూపు గుర్తొచ్చింది. తెలుసు ఆయనకి. ఆ క్షణానే తెలుసు. వచ్చిన ఆదివారమే పూరీ గేట్‌కి వెళ్ళింది, క్లినిక్ బల్ల మీద కూర్చుని మాటలు పేర్చుకుంది, ఒక్కో మాటా నూరి పెట్టుకుంది. తన వంతు వచ్చేసరికి ఆయన లేచి నిలబడి, "మన విల్‌ఫ్రెడ్ కూతురు, డాక్టరీ సదువుతాంది, మన తెలుగోళ్ళ పేరు నిలబెడతాది," అని బయటివాళ్ళందరికీ చూపించి, మిఠాయి తెప్పించి నోట్లో పెట్టాడు. బల్లల మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. నూరుకున్న మాటలన్నీ ఆ రసగుల్లాతో పాటు మింగి బయటికి వచ్చేసింది. ఆ తీపి ఇప్పటికీ నోట్లోంచి పోలేదు. నాన్నకైతే ఇవాళ్టికీ చెప్పలేదు. ప్రార్థనలో రోజూ ఆ డాక్టరు పేరు తలుచుకునే మనిషికి ఎలా చెబుతుంది, అదీ అరిచి?

చెప్పలేక ఈ పనిలో పడింది. నలుగురూ అదేదో గొప్ప సేవ అనుకుంటారు, సన్మానం చేసి శాలువా కూడా కప్పారు ఓసారి. సేవా లేదు ఏమీ లేదు, ఇది పగ. అక్కర్లేని సూది ఒకటి ఆపిన ప్రతిసారీ ఆ ఆగిన కలాన్ని పట్టుకుని విరిచినట్టుంటుంది ఆమెకు. ఈ మెషీన్ కోసం మేనేజ్‌మెంటుతో కొట్లాడింది, గంటలో తేలిపోయే పరీక్ష ఉండగా గుడ్డిగా నాలుగు రోజులు మందులు పోస్తారా మనుషుల్లో, అని గొంతు చించుకుంది. పెద్ద డాక్టర్లు ముఖం ముడుచుకున్నారు, తరవాత తరవాత వైరస్ అని తేలినవాళ్ళకి మందులాపితే నిక్షేపంగా ఇళ్ళకి పోవడం చూసి వాళ్ళే నోరు మూసుకున్నారు. రాత్రి ఇంటికెళ్ళి నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, ఇవాళ ఇంకొకరి చెవులు మిగిలాయి నాన్నా, అని లోపల అనుకునేది. ఇంతకాలం దూరంనుంచి విసిరిన రాళ్ళు. ఇప్పుడు ఆయనే నడిచొచ్చి గుప్పిట్లో కూర్చున్నాడు.

తలుపు దగ్గర చప్పుడైంది. ఆయన కూతురు సుచరిత, స్కూలు టీచరు, చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మేడమ్, నాన్నగారు మాట వినడం లేదు. ఆ ఇంజక్షన్ ఇస్తే గానీ తగ్గదని ఒకటే గొడవ. ఇచ్చీయండి మేడమ్, మీకు దండం పెడతాను," అంది. "రిపోర్టు రానీండి," అంది జెనీ. "రిపోర్టులెందుకు మేడమ్? ఆయన చెయ్యి చూసి చెప్పీవారు జబ్బు. మీ నాన్నగారే సాక్ష్యం. ఆయనా వచ్చినారు, పైన కూకున్నారు, పాపం కబురు తెలిసి వానలో పడి వచ్చీసినారు." సుచరిత కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నాన్న వచ్చాడా? ఎవరు పిలిచారని? ఆ మోకాళ్ళ నొప్పులతో, ఆటో హారన్ కూడా వినబడని చెవులతో, రోడ్డు దాటి?

అప్పుడు జెనీ ఎన్నడూ చెయ్యని పని చేసింది. మెషీన్ వైపు తిరిగి ప్రార్థించింది. రోజూ వైరస్ రావాలని కోరుకునే మనిషి ఇవాళ బ్యాక్టీరియా రావాలని ప్రార్థించింది. వస్తే చేతికి మట్టి అంటకుండా పని జరిగిపోతుంది. వచ్చింది, ఆయనే అడిగాడు, ఇచ్చాను. అంతే కదా. ఆ తర్వాత జరిగేవన్నీ వరసగా కళ్ళకి కట్టాయి, ఆమె వాటిని తనివితీరా చూసుకుంది. దుర్గాపూజ పందిట్లో డప్పులు మోగుతుంటే డాక్టరు కొయ్యబొమ్మలా నిలబడి ఉంటాడు. ఫోనులో మనవరాలు తాతా తాతా అంటుంది, ఎవరూ ఎవరూ అని ఈయన గింజుకుంటాడు. పొగిడేవాళ్ళు పొగుడుతూనే ఉంటారు, ఆ పొగడ్త ఒక్కటీ చెవిన పడదు, అదన్నిటికన్నా బాగుంది. కీచురాయి దూరిందని మంచం కింద వెతుక్కుంటాడు. ఇంజన్ మోతండీ, అంటుంది జెనీ. ఆ మాట అనడం కోసం ఎంత పాపమైనా మొయ్యొచ్చు అనిపించింది ఆమెకు. సిగ్గుపడలేదు, హాయిగా ఉంది.

మెషీన్ కూసింది. ప్రశాంతి తెర మీదికి వంగి, "ఫ్లూయే మేడమ్. ఇంకేటీ లేదు," అంది సంతోషంగా, ఈ మేడమ్‌కి ఏ కబురు ఇష్టమో తెలిసిన పిల్ల. పొద్దున చేసిన రక్తపరీక్ష కూడా అదే మాట చెప్పింది, బ్యాక్టీరియా లేదని. జెనీ తెర మీది ఫలితం తనే చదివింది. ఆ వీధిలో ప్రతి ఇంటా వచ్చిన జ్వరమే, ఇరవై ఏళ్ళ నాటి నాన్న జ్వరమే వచ్చి ఆయన ఛాతీలో కూర్చుంది. అయితే ఏం? అడిగాడుగా. కాగితం మీద ఫ్లూ ఉన్నా ముసలితనం, జాగ్రత్త కోసం, అని ఒక ముక్క రాస్తే ఎవరడుగుతారు? ఆ ముక్క రాయడం ఎంత తేలికో ఆమెకు తెలుసు, ఎంతోమంది రాయగా చూసి చింపించింది. ఫోనెత్తి ఫార్మసీకి కలిపింది. "చెప్పండి దీదీ, అమికాసిన్ పంపమంటారా? పైనుంచి రెండుసార్లు అడిగారు," అన్నాడు అవతలి గిరిబాబు. జెనీ నోరు తెరిచింది.

ఇస్తే చెవులు పోతాయి. పోతాయి సరే, ఆ తర్వాత? ఇంజన్ మోతండీ అని తను అంటుంది. ఏటీ, అంటాడు ఆయన. ఇంజన్ మోతండీ! ఏటమ్మా? అప్పుడు ఆ మనిషికి ఎవరు ఏం చెప్పగలరు? చెవుడు వచ్చినవాడి ముందు పగ పట్టినవాళ్ళంతా మూగవాళ్ళే. ఇన్నేళ్ళు నూరుకున్నది ఆయన చెవిన వెయ్యడానికే, ఆ చెవులే పోగొట్టి ఎక్కడ వేస్తుంది? కావాలి ఆ చెవులు. చీమ చిటుక్కుమన్నా వినబడేలా, ఒక్క రవ్వ తగ్గకుండా కావాలి. "వద్దు," అంది జెనీ ఫోనులో, పళ్ళ మధ్యనుంచి. "ఇప్పుడు ఆయనకి ఎక్కిస్తున్న యాంటీబయాటిక్ కూడా ఆపెయ్యండి. ఫ్లూ మాత్రలు పంపండి చాలు." ఫోను పెట్టేసి, రిపోర్టు చేత్తో పట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది.

గదిలో నాన్న డాక్టరు మంచం చివర స్టూలు మీద కూర్చుని, తడిసిన చొక్కాతో, ఆయన కాళ్ళు పిసుకుతున్నాడు. ఆ దృశ్యం చూశాక జెనీకి ఇక తడబాటు లేదు. మంచం పక్కన ఆక్సిజన్ అంకె చూసింది, బాగానే ఉంది. "ఫ్లూ అండి," అంది. "వైరస్. ఎక్కిస్తున్నది ఆపించాను. మాత్రలకే తగ్గిపోతుంది."

"అమికాసిన్..." అన్నాడాయన మాస్కులోంచి.

"అక్కర్లేదు. ఆనాడు మా నాన్నకీ అక్కర్లేకపోయింది."

గ్లాసులో నీళ్ళు పోస్తున్న సుచరిత చెయ్యి ఆగిపోయింది. ముసలాయన జెనీని చూశాడు, చూసి చూసి, మాస్కు కిందికి లాగాడు. "అప్పుడీ మెషీన్లేవమ్మా? జొరం చూసి మందివ్వడమే కదా మా పని," అన్నాడు.

"మెషీన్ లేదు, ఒప్పుకున్నాను. సెవిలో కీచుమంటాంది బాబూ అని ఆయన చెప్పినప్పుడు మీకు చెవులున్నాయి కదండీ? రాసే కలం ఆపారు. బయట జనాన్ని చూశారు. నేను బల్ల పక్కనే ఉన్నాను."

ఆయన బుకాయిస్తాడనుకుంది. బుకాయిస్తే చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళతోనే, "తెలుసు నాకు," అన్నాడు. "ఆపితే, నా సూదే చేసిందని అందరికీ తెలిసిపోతాదని..."

"నాకెందుకు చెబుతారు? ఆయనకి చెప్పండి."

నాన్న కాళ్ళు పిసకడం ఆపి, ఒకసారి కూతురి మొహం, ఒకసారి డాక్టరు మొహం చూస్తున్నాడు. "ఏటమ్మా? ఏటంటన్నారు డాక్టరుగోరు?" అన్నాడు. డాక్టరు చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. నాన్న గబగబా లేచి, పిలుపు వచ్చిందన్న గౌరవంతో చేతులు కట్టుకుని, చెవి ఆయన నోటి దాకా వంచాడు. "విల్‌ఫ్రెడూ, నీ చెవులు ఇంజన్ మోతకి పోలేదు. నా సూదికి పోయినాయి. తెలిసి కూడా ఆపలేదు నేను," అన్నాడు డాక్టరు, దగ్గుతో, ఆయాసంతో, సన్నటి గొంతుతో. నాన్న ఆ మాటలన్నిటికీ శ్రద్ధగా తల ఊపాడు. మొహం విప్పారింది. రెండు చేతులూ జోడించి, "అలాగే బాబూ, అలాగే. అంతా తమ దయ. తమరు సల్లగా ఉండాల," అన్నాడు.

ముసలాయన చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "చాలు మేడమ్," అంది సుచరిత. జెనీ ఆమె చేతిలోని గ్లాసు తీసుకుని ఆయన చేత రెండు గుక్కలు తాగించింది, మంచం తలవైపు పైకెత్తి దిండు సర్దింది, ఆయన ఊపిరి కుదురుకునేదాకా ఆగింది.

"వినబడలేదు ఆయనకి," అంది. "ఇంకా గట్టిగా చెప్పండి."